చెయ్యేరు ఎక్కడ మొదలవుతుంది? బాహుదా, మాండవ్య, పించల నుంచి పెన్న దాకా ఒక ఏటి దారి

ఏటిగట్టు పంతులు | సోమవారం, ఉదయం 7:40

సభ్యులందరికీ నమస్కారం. నేను రాజంపేట దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం చెబుతాను. ఈ ఏడాది మా తొమ్మిదో తరగతి గదిలో ఒక గోడంతా చెయ్యేటి పటం గీయాలని పిల్లలూ నేనూ నిశ్చయించుకున్నాము. పెన్నకు కుడివైపున చిత్రావతి, పాపాఘ్ని, చెయ్యేరు కలుస్తాయని, ఎడమవైపున కుందేరు, సగిలేరు కలుస్తాయని మనం ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు పోతాము. ఆ వాక్యంలోని మూడో పేరు పక్కనే ఈ పిల్లల ఇళ్లు, తోటలు, బావులు ఉన్నాయి కాబట్టి దాన్ని అంత తొందరగా దాటిపోవడం నాకు ఇష్టం లేదు.

చిక్కు మొదటి గీత దగ్గరే వచ్చింది. నా దగ్గర ఉన్న మూడు పటాల్లో ఒకటి మదనపల్లె వైపు నుంచి వచ్చే గీతకంతటికీ చెయ్యేరనే పేరు రాసింది. రెండోది అదే గీతకు బాహుదా అని రాసి, సుండుపల్లె ప్రాంతం దాటాక చెయ్యేరని మార్చింది. మూడోది అత్తిరాల దగ్గర కూడా బాహుదా అనే రాసింది. సుద్దముక్క ఎక్కడ ఆనించాలో తెలిసినవారు చెప్పగలరని మనవి.

సుండుపల్లె వంక | సోమవారం, ఉదయం 9:15

పంతులుగారికి నమస్కారం. మాది సుండుపల్లె మండలం. మా వైపు లెక్క ప్రకారం బాహుదా, పించ కలిసిన తరువాతనే చెయ్యేరు. కలవక ముందు వాటిని వాటి పేర్లతోనే పిలుస్తాము. పించ పాత చిత్తూరు జిల్లా వైపు నుంచి వస్తుంది, దాని మీద మా మండలంలోనే పించ ప్రాజెక్టు ఉంది. బాహుదా మదనపల్లె, నిమ్మనపల్లె వైపు నుంచి వస్తుంది, నిమ్మనపల్లె దగ్గర దానికీ ఒక ప్రాజెక్టు ఉంది. ఇవిగాక రాయచోటి వీరభద్రస్వామి గుడి పక్కనుంచి పోయే మాండవ్య నీళ్లూ చివరికి ఈ ఏటికే చేరతాయి.

నిజానికి మా ఇళ్లలో ఈ పేర్లలో దేన్నీ ఎవరూ పలకరు. "ఏరొచ్చిందా?" అని అడుగుతారు, "వచ్చింది" అంటారు. ఏ ఏరో చెప్పవలసిన అవసరం మాకు రాదు.

పీలేరు వాస్తవ్యుడు | సోమవారం, ఉదయం 10:02

పించ గీత దగ్గర ఆగిపోవద్దని కోరుతున్నాను. మా పీలేరు పక్కన పారే గార్గేయ కూడా పించలోకే పోతుంది. పీలేరులో కురిసిన వాన రాజంపేట మీదుగా పెన్నకు చేరుతుందని మా ఊళ్లోనే చాలామందికి తెలియదు. మేము తిరుపతికి దగ్గరివాళ్లము కాబట్టి మా నీళ్లూ అటే పోతాయని అనుకుంటాము.

శాసనప్రియ | సోమవారం, మధ్యాహ్నం 1:30

పేరు సంగతి చూస్తే అత్తిరాల దగ్గర బాహుదా అని రాసిన మూడో పటాన్ని తప్పుపట్టడానికి వీలులేదు. బాహుదా, చెయ్యేరు అనేవి ఒకే కథకు రెండు భాషల్లో పెట్టిన పేర్లు. మహాభారతం శాంతిపర్వంలో శంఖుడు, లిఖితుడు అనే అన్నదమ్ముల కథ ఉంది. ఇద్దరికీ బాహుదా నది ఒడ్డున ఆశ్రమాలు ఉండేవి. అన్న లేని సమయంలో తమ్ముడు అతని ఆశ్రమానికి వెళ్లి, అడగకుండానే పండ్లు కోసుకొని తిన్నాడు. అన్న వచ్చి చూసి, ఇది దొంగతనమే, రాజు దగ్గరికి వెళ్లి శిక్ష అడుగు అన్నాడు. సుద్యుమ్న మహారాజు లిఖితుడి రెండు చేతులూ తీయించాడు. అన్న మాట ప్రకారం అతడు ఈ నదిలో మునిగి తర్పణం ఇవ్వబోగా చేతులు తామరల్లాగా మళ్లీ వచ్చాయి. బాహువులను ఇచ్చినది కాబట్టి బాహుదా అయింది, చెయ్యి ఇచ్చిన ఏరు కాబట్టి చెయ్యేరు అయింది. మన పరశురాముడి అత్తిరాలను కూడా ఈ వరుసలోనే చూడాలి. తల్లిని చంపిన పాపం అక్కడ తొలగిందని, హత్యరాల అనే మాటే అత్తిరాల అయిందని స్థలపురాణం చెబుతుంది. ఒకే ఏటి ఒడ్డున దొంగతనానికీ హత్యకూ నిష్కృతి చూపిన నేల ఇది.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉంది. శ్రీకాకుళం జిల్లా ఇచ్ఛాపురం దగ్గర పారే నది పేరూ బాహుదానే. తమిళనాడు తిరువణ్ణామలై జిల్లా మీదుగా పారి పాలారులో కలిసే చెయ్యారు మరొకటి ఉంది. పిల్లలు అంతర్జాలంలో వెతికినప్పుడు ఈ మూడింటి వివరాలూ కలగలిసి కనిపిస్తాయి. మన ఏటిని పెన్నతో కలిపి వెతకమని చెప్పండి.

రాతిపొర | సోమవారం, రాత్రి 8:45

పేరు ఎక్కడ మారుతుందనే ప్రశ్నకు నేల ఒక జవాబు చెబుతుంది, అదీ పటంలో చేరాలని నా అభిప్రాయం. మదనపల్లె, రాయచోటి వైపు నేలంతా పాతకాలపు గ్రానైటు, నైసు రాళ్ల మిట్ట. అక్కడ వాన తక్కువ, మట్టి పలచన, వంకలు విసనకర్ర పుల్లల్లాగా విడివిడిగా పారతాయి. వాటికి తూర్పున పాలకొండలు, శేషాచలం కొండలు గోడలాగా అడ్డం నిలుస్తాయి. అవి కడప శిలాసమూహానికి చెందిన గట్టి క్వార్ట్‌జైటు రాతి కొండలు. విడివిడిగా వచ్చిన నీళ్లన్నీ ఆ గోడకు ఈవలనే కలుసుకొని, గోడను కోసుకుంటూ ఒకే కనుమ గుండా అవతలి వైపు రాజంపేట లోయలోకి దిగుతాయి. ఆ లోయకు పడమర పాలకొండ, శేషాచలాలు, తూర్పున వెలిగొండలు. కోడూరు, రాజంపేట, నందలూరు ఒకే వరుసలో ఉండటానికీ, రైలుమార్గం ఆ వరుసనే పోవడానికీ కారణం ఆ లోయ.

కాబట్టి ఈ ఏటికి విసనకర్ర ఆకారం ఉంది. పుల్లలన్నీ పడమర, పిడి తూర్పున. పిడి దగ్గర ఎంత వెడల్పు ఉందో, అంత నీరే సుఖంగా పోగలదు. పంతులుగారు గోడ మీద మిగతావన్నీ తరువాత వేసినా, ఈ కొండల గోడను మాత్రం ముందుగా గోధుమరంగుతో వేయించండి.

కొలబద్ద | మంగళవారం, ఉదయం 6:50

పై టపాలతో నేను కొంత విభేదిస్తున్నాను. భూగోళశాస్త్రంలో నది పుట్టుకను నిర్ణయించేటప్పుడు సాధారణంగా అన్నిటికంటే పొడవైన పాయను ప్రధాన ప్రవాహంగా తీసుకుంటారు. బాహుదా పొడవైనదైతే, చెయ్యేరు పుట్టింది మదనపల్లె వైపు కొండల్లోనని రాయాలి, కలయిక దగ్గర కాదు. పేరు మారినంత మాత్రాన నీరు మారదు కదా. మొదటి పటమే సరైనదని నాకు తోస్తోంది.

సుండుపల్లె వంక | మంగళవారం, ఉదయం 8:20

కొలబద్దగారూ, పొడవు కొలిచే పద్ధతిని నేను కాదనను. అయితే వేసవిలో మదనపల్లె దగ్గర బాహుదాను చూస్తే ఊళ్లో మురుగు పారే కాలువేమో అనిపిస్తుంది. కొన్నేళ్లు దాని నీటిబొట్టు మా దాకా రానే రాదు, ఆ ఏడాది పించ మాత్రమే వస్తుంది. మరుసటి ఏడు మాండవ్య ముందు వస్తుంది. ఏ పాయ ప్రధానమో వాన నిర్ణయిస్తుంది. ఒక్కదాన్నే మూలమని గోడ మీద రాస్తే, మిగతా పాయల ఒడ్డున పుట్టిన పిల్లలకు తమ వంక ఆ పటంలో లేనట్లే కదా.

అత్తిరాల మనవరాలు | మంగళవారం, మధ్యాహ్నం 2:10

మీరందరూ పైన పారే నీటి గురించి మాట్లాడుతున్నారు. చెయ్యేటి నీరు ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుక కింద పారుతుంది, అది నేను కళ్లారా చూశాను.

నా చిన్నప్పుడు వేసవి సెలవులకు మా జేజి ఇంటికి వెళ్లేదాన్ని. ఎండలు ముదిరాక ఏరు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా తెల్లటి ఇసుక మాత్రమే. తెల్లవారుజామున జేజి బిందె, కొబ్బరి చిప్ప తీసుకొని ఏటి మధ్యకు నడిచేది. ఎక్కడ పడితే అక్కడ తవ్వేది కాదు. ఇసుక కొంచెం ముదురు రంగుగా, అరికాలికి చల్లగా తగిలే చోటు చూసుకొని, మోకాళ్ల మీద కూర్చొని రెండు చేతులతో తోడేది. మూరెడు లోతుకు ఇసుక తడిగా ఉండలు కట్టేది. ఇంకో జానెడు తవ్వితే అడుగున నీరు ఊరేది. మొదట ఊరిన నీరు మట్టిరంగులో ఉంటే చిప్పతో తోడి బయట పోసేది. రెండోసారీ పోసేది. మూడోసారి ఊరిన నీటిలో అడుగున ఇసుక రేణువులు ఒక్కొక్కటీ లెక్కపెట్టగలిగేలా కనిపించేవి. అప్పుడు బిందెకు పలచటి గుడ్డ కట్టి, చిప్పతో నింపేది. చెలమ గోడలు కూలకుండా చుట్టూ ఇసుకను అరచేత్తో తట్టి వదిలేసేది, తరువాత వచ్చేవాళ్ల కోసం. ఆ నీళ్లతో వండిన పప్పు తొందరగా ఉడుకుతుందని ఊరంతా చెప్పుకునేవాళ్లు.

ఏటి ఇసుకలో ఊరే ఈ నీటినే కాలువలుగా తీసి పొలాలకు పారించేవాళ్లు, వాటిని ఊట కాలువలు అంటారు. ఏరు ఎండినా ఊట కాలువ సన్నగా పారుతూనే ఉండేది. కాబట్టి పటంలో నీలిరంగు ఒక్కటే వేస్తే అది మా ఏరు కాదు. నీలం పక్కన ఇసుకకు కూడా ఒక రంగు ఇవ్వండి.

ఏటిగట్టు పంతులు | మంగళవారం, సాయంత్రం 6:30

అమ్మా, మీ టపాను ఈ రోజు తరగతిలో చదివి వినిపించాను. ఇరవైయొక్క మంది పిల్లల్లో చెలమ తవ్వడం చూసినవారు ఇద్దరే ఉన్నారు. మిగతావారి ఇళ్లలో బోర్లు, డబ్బా నీళ్లు. ఇసుకకు పసుపురంగు వేయాలని అప్పుడే నిర్ణయించేశారు.

శాసనప్రియ | మంగళవారం, రాత్రి 9:05

రంగుల మాట వచ్చింది కాబట్టి, ఒడ్డున కొన్ని చుక్కలు కూడా పెట్టించండి. నందలూరు సౌమ్యనాథస్వామి ఆలయం చోళుల కాలపు కట్టడం. దాని గోడల మీద తమిళ శాసనాలూ తెలుగు శాసనాలూ ఉన్నాయి. ఈ లోయ దక్షిణాది నుంచి వచ్చే దారి అని ఆ రెండు లిపులే సాక్ష్యం చెబుతున్నాయి. తెలుగు చోళులలో ఒక శాఖకు పేరు ఇచ్చిన పొత్తపి ఈ ఏటి సీమలోనిదే. నందలూరు దగ్గర ఆడపూరు వద్ద గుట్ట మీద బౌద్ధ స్తూపాల శిథిలాలు ఉన్నాయి. అన్నమయ్య పుట్టిన తాళ్లపాక కూడా ఈ లోయలోనిదే. భిక్షువులైనా, చోళ రాజులైనా, పదకర్త అయినా ఇక్కడ నిలవగలిగింది వేసవిలోనూ ఇసుకలో నీరు దొరికింది కాబట్టేనని నేను నమ్ముతాను.

నందలూరు రైలుకట్ట | మంగళవారం, రాత్రి 10:40

ఆ వరుసలో ఇనుప చుక్క ఒకటి నాది. మా నాయన నందలూరు రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశారు. మద్రాసు నుంచి బొంబాయి వైపు వెళ్లే రైలుమార్గం 1860లలో ఈ లోయ గుండా వచ్చింది. ఆవిరి ఇంజన్ల కాలంలో నందలూరులో పెద్ద లోకోషెడ్డు ఉండేది. ఆవిరి ఇంజనుకు బొగ్గు ఎంత ముఖ్యమో మంచి నీరు అంత ముఖ్యం. నీటిలో ఉప్పు, సున్నం ఎక్కువైతే బాయిలరు గొట్టాల లోపల పెచ్చు కడుతుంది. చెయ్యేటి ఇసుకలో వడగట్టుకొని వచ్చిన నీరు అందుకు బాగా సరిపోయేదని నాయన చెప్పేవారు. జేజిగారి పప్పు ఉడికించిన నీరే ఇంజన్లనూ నడిపింది.

కొలబద్ద | బుధవారం, ఉదయం 7:25

నా అభిప్రాయాన్ని కొంత సవరించుకుంటున్నాను. ప్రధాన పాయ ఒక్కటే అన్న నియమం ఏడాది పొడవునా పారే నదులకు చక్కగా కుదురుతుంది, ఇలాంటి ఏటికి అంతగా కుదరదు. అయితే విసనకర్ర ఆకారం గురించి రాతిపొరగారు చెప్పినదానికి ఒక లెక్క జతచేయాలనుకుంటున్నాను, ఎందుకంటే 2021ని పక్కన పెట్టి ఈ ఏటి భూగోళం రాయలేము.

ఈ పరీవాహక ప్రాంతానికి పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతో, అక్టోబరు నుంచి డిసెంబరు లోపల వస్తాయి. 2021 నవంబరు 19 తెల్లవారుజామున బంగాళాఖాతంలోని వాయుగుండం పుదుచ్చేరి, చెన్నైల మధ్య తీరం దాటింది. దాని వాన శేషాచలం కొండల మీదా, పైనున్న వంకలన్నిటి మీదా ఒకేసారి కురిసింది. పించ ప్రాజెక్టు కట్ట ముందు తెగింది. దానికి దిగువన కొండల గోడ దగ్గర చెయ్యేటి మీద ఉన్న అన్నమయ్య ప్రాజెక్టులోకి స్పిల్‌వే వదలగలిగిన దానికి మించి, 3 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చింది. ఉన్న 5 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. నీరు మట్టికట్ట మీదుగా పొర్లి, కట్ట కొట్టుకుపోయింది.

ఇప్పుడు లెక్క చూడండి. కట్ట తెగకముందు అన్నమయ్య ప్రాజెక్టు సామర్థ్యం 2.24 టి.ఎం.సి.లు, అంటే 224 కోట్ల ఘనపుటడుగులు. సెకనుకు 3 లక్షల ఘనపుటడుగుల చొప్పున నీరు వస్తే, పూర్తిగా ఖాళీగా ఉన్న జలాశయమైనా సుమారు 7,470 సెకన్లలో, అంటే రెండు గంటల ఐదు నిమిషాలలోపే నిండిపోతుంది. ఆ రోజు అది ఖాళీగా లేదు. అంత వేగంగా నీటిని పోగుచేసే పరీవాహక ప్రాంతానికి ఆ జలాశయం ఒక దొన్నె లాంటిది. ఈ లెక్కను తొమ్మిదో తరగతి పిల్లలు స్వయంగా చేయగలరు, చేయించండి.

మందపల్లి గట్టు | బుధవారం, మధ్యాహ్నం 12:15

ఈ చర్చను మొదటి నుంచి చదువుతున్నాను. రాయాలా వద్దా అని ఆలోచించి రాస్తున్నాను. ఆ రోజు కార్తిక పౌర్ణమి. ఏటి ఒడ్డున శివాలయానికి తెల్లవారకముందే వెళ్లినవారు ఉన్నారు. పులపత్తూరు, మందపల్లి, తొగూరుపేట, గుండ్లూరు ఊళ్ల మీదికి నీరు వచ్చింది. పోయినవారి గురించి ఇక్కడ రాయలేను.

పటానికి పనికివచ్చేది ఒకటి చెబుతాను. నీరు తీశాక మా అరటి తోట ఎక్కడుందో మేము కనుక్కోలేకపోయాము. చెట్లు లేవు, గట్లు లేవు, బాట లేదు, కనుచూపు మేర కడిగినట్టున్న ఇసుక. మా అన్న, నేను రోడ్డు పక్క మిగిలిన కరెంటు స్తంభం నుంచి అడుగులు కొలుచుకుంటూ వెళ్లి బావి ఉండవలసిన చోట నిలబడ్డాము. పారతో నడుము లోతు తవ్వితే బావి అంచుకు కట్టిన సిమెంటు కనిపించింది. లోపల అడుగు దాకా ఇసుకే. మా భూమికి పట్టా ఉంది, సర్వే నంబరు ఉంది, కానీ నేల మీద ఆనవాలుగా ఆ బావి అంచు ఒక్కటే మిగిలింది. దాన్ని పట్టుకొనే తరువాత పక్క పొలాలవాళ్లూ తమ హద్దులు చూసుకున్నారు.

పిల్లలు గీసే పటంలో ఏటికి ఒక గట్టు ఇక్కడ, ఇంకో గట్టు అక్కడ అని రెండు గీతలు గట్టిగా గీస్తారు. అవి అంత గట్టివి కావు. 2021 ఇసుక మేట ఎక్కడిదాకా వచ్చిందో మా ఊళ్లలో ఎవరిని అడిగినా చూపిస్తారు. దయచేసి ఆ అంచునూ గీయించండి.

ఏటిగట్టు పంతులు | బుధవారం, సాయంత్రం 5:50

అన్నా, మీరు రాసినందుకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. మా తరగతిలో ఆ ఊళ్ల పిల్లలు ఉన్నారు. ఆ అంచు ఎక్కడిదాకానో వాళ్లే తమ ఇళ్లలో పెద్దలను అడిగి వస్తామన్నారు. నేను ఎవరినీ బలవంతపెట్టను.

కువైట్ రాజంపేట | గురువారం, రాత్రి 1:20

నేను పదకొండేళ్లుగా కువైట్‌లో ఉంటున్నాను. మా వైపు ఇంటికొకరు గల్ఫ్‌లో ఉంటారని మీకు తెలిసినదే. పని ముగించుకొని గదికి వచ్చాక ఉపగ్రహ చిత్రాల్లో మా ఊరి మీదుగా ఏరు వెంట పైకీ కిందికీ వెళ్లడం నా అలవాటు. పాత చిత్రాలను తేదీల వారీగా వెనక్కు జరుపుకుంటూ చూస్తే మందపల్లి అన్న చెప్పిన మాట కళ్లకు కడుతుంది. 2021 నవంబరుకు ముందు పచ్చగా ఉన్న గళ్లు తరువాతి చిత్రంలో తెల్లగా ఉంటాయి. నందలూరు, రాజంపేటల మధ్య రైలుకట్ట కొట్టుకుపోయిన ఆ వరదలో ఏరు ఒక చోట తన పాత వంపును వదిలి అడ్డంగా కోసుకుపోయినట్లు నాకు కనిపించింది. పిల్లలకు పనికివస్తుందంటే ఆ రెండు చిత్రాలనూ పక్కపక్కన పెట్టి పంపిస్తాను.

రాతిపొర | గురువారం, ఉదయం 7:00

తప్పకుండా పంపండి. మీరు చూసినది నిజమే అయివుంటుంది. కొండల గోడ దాటగానే వాలు తగ్గుతుంది కాబట్టి, మోసుకొచ్చిన ఇసుకనంతా ఏరు అక్కడే దించుతుంది. ఇలాంటి చోట ఏరు ఒకే దారికి కట్టుబడి ఉండదు, మేట పేరుకుంటే పక్కకు జరుగుతుంది. లోయలో సారవంతమైన ఒండ్రు నేల ఉండటానికీ, కోడూరు, రాజంపేటల్లో అరటి, బొప్పాయి, మామిడి తోటలు పెరగడానికీ కారణం ఏరు వేల ఏళ్లుగా ఇలా జరుగుతూ వచ్చిన దారే.

పీలేరు వాస్తవ్యుడు | గురువారం, ఉదయం 9:30

దక్షిణం నుంచి వచ్చే గుంజనేరును ఎవరూ ప్రస్తావించలేదు. శేషాచలం కొండల్లో పుట్టి, కోడూరు పక్కగా ఉత్తరానికి పారి అదీ చెయ్యేటిలోకే చేరుతుంది. మిగతా పుల్లలు కొండలకు పడమర నుంచి వస్తే, ఇది లోయ లోపలి నుంచే వస్తుంది.

సోమశిల వెనకజలం | గురువారం, సాయంత్రం 4:45

మొదలు గురించి నాలుగు రోజులుగా చర్చిస్తున్నారు, చివర గురించి కూడా ఒక మాట చెప్పనివ్వండి. చెయ్యేరు ఉత్తరంగా పారి పెన్నలో కలుస్తుందని అందరమూ అంటాము. పెన్న వెలిగొండలను కోసుకొని నెల్లూరు జిల్లాలోకి దిగే చోట సోమశిల జలాశయం ఉంది, సామర్థ్యం 78 టి.ఎం.సి.లు. అది నిండినప్పుడు వెనుక జలాలు నందలూరు, ఒంటిమిట్ట మండలాల వైపు ఎగదట్టుకొని వస్తాయి. అప్పుడు చెయ్యేరు పెన్నలో కలవదు, చెరువులాంటి నిశ్చల జలంలో కలుస్తుంది. నీళ్లు తగ్గిన వేసవిలో అదే చోట పాత పొలాల గట్లు, ముంపులో వదిలేసిన ఇళ్ల పునాదులు బయటపడతాయి. అప్పుడు ఏరు వాటి మధ్యగా ఇంకా ముందుకు పాకి పెన్నను అందుకుంటుంది. మా పాత ఊరు ఆ నేలలోనే ఉంది. ఏడాదికొకసారి నీళ్లు తీసినప్పుడు మా పెద్దవాళ్లు వెళ్లి గుడి ఉన్న చోట దీపం పెట్టి వస్తారు.

కాబట్టి కలిసే చోటు అని ఒక చుక్క పెట్టమంటే నేను పెట్టలేను.

కొలబద్ద | గురువారం, సాయంత్రం 6:10

అయితే మొదలుకూ చుక్క లేదు, చివరకూ చుక్క లేదు. పంతులుగారూ, రెండు చివర్లలోనూ గీతను చుక్కలుగా విడగొట్టి గీయించమని నా సవరించిన సూచన. నేను మొదట చెప్పిన ఒకే గీత పద్ధతిని వెనక్కు తీసుకుంటున్నాను.

ఏటిగట్టు పంతులు | శనివారం, రాత్రి 8:00

ఈ రెండు రోజులూ బడి అయ్యాక గోడ దగ్గరే ఉన్నాము. ముందుగా కొండల గోడను గోధుమరంగుతో వేశాము, మధ్యలో కనుమ కోసం బెత్తెడు ఖాళీ వదిలాము. పడమర నుంచి బాహుదా, మాండవ్య, గార్గేయ, పించ సన్నటి చుక్కల గీతలుగా బయలుదేరి, సుండుపల్లె దాటాక గట్టి నీలి గీత అవుతాయి. ఆ గీతకు రెండు వైపులా పసుపు వేశాము. గుంజనేరు కోడూరు వైపు నుంచి వస్తుంది. అత్తిరాల దగ్గర బాహుదా, చెయ్యేరు రెండు పేర్లూ పక్కపక్కన రాశాము. సోమశిల వైపు గీత మళ్లీ చుక్కలుగా విడిపోతుంది, అక్కడ ఒక చిన్న దీపం బొమ్మ ఉంది.

తొగూరుపేట నుంచి వచ్చే అమ్మాయి ఒకతె ఇంట్లో అడిగి తెలుసుకొని, 2021 మేట అంచును ఎర్ర సుద్దతో తానే గీసింది. గీత సగం దాకా వచ్చాక ఆగి, "సార్, మా ఇల్లు దీనికి లోపల పెట్టాలా, బయట పెట్టాలా" అని అడిగింది. ఎక్కడ ఉండేదో అక్కడే పెట్టమన్నాను. లోపల పెట్టింది.

మందపల్లి అన్నకు ఒక విన్నపం. ఆ బావి అంచు ఉన్న చోటు రోడ్డు మీది స్తంభం నుంచి ఎన్ని అడుగులో చెప్పగలరా? దాన్ని కూడా పటంలో పెడతామని పిల్లలు అడుగుతున్నారు.

మందపల్లి గట్టు | శనివారం, రాత్రి 9:25

నూట అరవై నాలుగు అడుగులు, స్తంభం నుంచి తూర్పుకు. మా అన్న అడుగులవి, ఆయన పొడుగు మనిషి. పిల్లల అడుగులైతే రెండు వందలు దాటుతాయి. ఆదివారం ఎవరైనా వస్తే నేనే తీసుకెళ్లి చూపిస్తాను.